ప్రేమ దారులున్న గేమ్‌లో పాత్రల ఓరియెంటేషన్ ముందే ఖాయం చేయాలా, ఆడేవాళ్ళకి వదిలేయాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ముగ్గురు కలిసి ఒక 2డి కథా గేమ్ చేస్తున్నారు. కథ తిరుపతిలో, కొండ కింద నడుస్తుంది. ఆడేవాళ్ళు మగ పాత్రనైనా ఆడ పాత్రనైనా ఎంచుకోవచ్చు. ప్రేమ కుదరగల పాత్రలు ఆరుగురు. ఆ ఆరుగురూ ఎవరికైనా దక్కాలా, లేక ఎవరికి మగవాళ్ళంటే ఇష్టం, ఎవరికి ఆడవాళ్ళంటే ఇష్టం అన్నది (అదే ఓరియెంటేషన్) ముందే రాసిపెట్టాలా? కోడ్‌లో ఎట్లా పెట్టాలి? ఇండియాలో అమ్మితే ఇబ్బందా?

సూటిగా చెప్తా. ఆరు దారులూ (ఒక్కో పాత్రతో నడిచే ప్రేమకథలు) పూర్తిగా రాసే ఓపిక ఉంటే ఓరియెంటేషన్లు ఖాయం చేయండి. లేకుంటే నలుగురికి తగ్గించి, ఆ నలుగురినీ అందరికీ తెరవండి. ఆరుగురిని పెట్టి అందరికీ తెరవడం, నలుగురిని పెట్టి సగం మందికి తలుపు వేయడం, ఈ రెండూ వద్దు. దీనికి పెద్ద సిద్ధాంతం ఏమీ లేదు, కూడికలు తీసివేతలే.

ఆడేవాళ్ళని నాలుగు రకాలుగా చూడండి: ఆడవాళ్ళని కోరుకునే మగ, మగవాళ్ళని కోరుకునే మగ, మగవాళ్ళని కోరుకునే ఆడ, ఆడవాళ్ళని కోరుకునే ఆడ. ఒక్కో రకానికి కనీసం ఇద్దరు దొరకాలి. ఒక్కరే ఉంటే దాన్ని ఎంపిక అనలేం. ఆరుగురిలో ఇద్దరు బైసెక్సువల్, అంటే మగా ఆడా ఇద్దరినీ ఇష్టపడేవాళ్ళు (ఒక మగ, ఒక ఆడ), ఒక గే, ఒక లెస్బియన్, మిగిలిన మగ, ఆడ ఇద్దరూ స్ట్రెయిట్ అనుకోండి. కాగితం మీద వేసి చూస్తే నాలుగు రకాలకీ సరిగ్గా ఇద్దరిద్దరు వస్తారు. నలుగురితో ఈ లెక్క కుదరదు. ఎట్లా పేర్చినా ఎవరో ఒకరికి ఒక్కరే మిగులుతారు, నలుగురూ ఇద్దరినీ ఇష్టపడితే తప్ప. మీరు ఆరుగురనుకోవడం మంచిదే అయింది.

పెద్ద గేములు కూడా ఈ లెక్క దగ్గరే అటూ ఇటూ ఊగాయి. డ్రాగన్ ఏజ్ 2 (2011)లో ఆండర్స్, ఫెన్రిస్, ఇసబెలా, మెరిల్ నలుగురూ ఆడేవాళ్ళ పాత్ర హాక్ మగైనా ఆడైనా ప్రేమిస్తారు. మూడేళ్ళకి అదే వరసలో వచ్చిన డ్రాగన్ ఏజ్ ఇంక్విజిషన్‌లో దానికి పూర్తిగా ఎదురు దారి పట్టారు. డోరియన్ మగవాళ్ళనే, సెరా ఆడవాళ్ళనే ఇష్టపడతారు. కసాండ్రా మగ ఇంక్విజిటర్‌కే (ఇంక్విజిటర్ అంటే అందులో ఆడేవాళ్ళ పాత్ర). సోలస్ అయితే ఎల్ఫ్ జాతి ఆడ పాత్రకి మాత్రమే. ఐరన్ బుల్, జోసెఫీన్ ఎవరికైనా సరే. అట్లా ఎనిమిది మందిని పేర్చితే గానీ ప్రతి రకానికీ ఇద్దరు చొప్పున రాలేదు. ఆ పైన మగవాళ్ళని కోరుకునే ఆడ ఇంక్విజిటర్‌కి కలన్, బ్లాక్‌వాల్‌తో కలిపి నలుగురి దాకా పోయింది. అంత డబ్బున్న స్టూడియోకే తక్కెడ సమంగా నిలవలేదు. స్టార్‌డ్యూ వ్యాలీ (2016) దాదాపు మొత్తం ఒక్క మనిషి చేసిన గేమ్. ఇప్పుడు అందులో 12 మంది, అందరూ ఎవరినైనా పెళ్ళి చేసుకుంటారు. ఒక్కడే పనిచేసేటప్పుడు ఇంకో దారి తొక్కి ఉంటే గేమ్ పూర్తయ్యేదే కాదేమో.

అందరికీ తెరవడంలో ఒక చిక్కుంది. దాన్ని ప్లేయర్‌సెక్సువల్ అంటారు. పాత్రకి తనదంటూ ఇష్టం ఏమీ ఉండదు, ఆడే మనిషి ఏదైతే అదే దాని ఇష్టం. మగ పాత్రతో ఆడితే ఆ అమ్మాయి స్ట్రెయిట్, ఆడ పాత్రతో ఆడితే లెస్బియన్, ఎవరూ చూడనప్పుడు ఏమీ కాదు. దీన్ని తప్పించడానికి తలుపులు మూయక్కర్లేదు. ఆటగాడితో సంబంధం లేని చోట ఆ ఇష్టం మూడు సార్లు కనపడితే చాలు: పాత ప్రేమ గురించి ఒక మాట, వేరే పాత్రతో ఒక ఎకసెక్కం, గదిలో ఒక వస్తువు. ఆ మూడింటికీ ఆడే పాత్ర మగా ఆడా అన్న షరతు పెట్టకండి, ఎవరు ఆడినా అవే రావాలి. మీ గేమ్‌లో లీలామహల్ సెంటర్ దగ్గర సెల్‌ఫోన్ రిపేరు షాపు పెట్టుకున్న కుర్రాడు ఉన్నాడన్నారు కదా. అతన్ని బైసెక్సువల్ అనుకుంటే, ఎస్వీ యూనివర్సిటీలో చదివేటప్పటి స్నేహితురాలి పేరు ఒకసారి, హాస్టల్లో ఉన్న ఇంకొకడి పేరు ఒకసారి, రెండూ ఒకే గొంతుతో చెప్పించండి. అంతకు మించి వివరణ రాయకండి. ఒక పాత్ర నిలబడి తన ఓరియెంటేషన్ గురించి ఉపన్యాసం ఇస్తే ఆడేవాళ్ళు ఎంటర్ కొట్టుకుంటూ దాటేస్తారు.

ఖాయం చేసే దారిలో అసలు పని ఏదంటే, పాత్ర ఆటగాడిని కాదని చెప్పే సీను. కొత్త టీములు ఎక్కువగా దీన్నే ఎగ్గొడతాయి. సరసపు మాట ఆప్షన్‌ని కనపడకుండా దాచేసి ఊరుకుంటారు. అప్పుడు ఆడేవాళ్ళకి తమవల్ల తప్పు జరిగిందా, పాయింట్లు చాల్లేదా, బగ్గా అన్నది తెలీదు. పది గంటలు కానుకలు మోసి చివరికి ఇంటర్నెట్‌లో వెతికి తెలుసుకుంటారు, వన్ స్టార్ రివ్యూ పెడతారు. ఇంక్విజిషన్‌లో ఆడ ఇంక్విజిటర్ కసాండ్రాతో సరసాలాడితే, కసాండ్రా తనే మాట ఎత్తి కుదరదని చెప్తుంది. అది ఒక చిన్న సంభాషణే, కానీ జనం గుర్తుపెట్టుకున్నారు.

శ్రీకాళహస్తి నుంచి వచ్చి కలంకారీ వేసే అమ్మాయి మీ ఆరుగురిలో ఉంది. ఆమెకి ఆడవాళ్ళంటేనే ఇష్టం, ఆడే పాత్ర మగ. ఇట్లాంటిది చాలు:

"నువ్వు అడిగినావు, నేనూ దాచకుండా చెప్తాండా. మగోళ్ళ మీద నాకు ఆ మనసు రాదబ్బా. నీ మీదే కాదు, ఎవురి మీదా రాదు. దానికి నువ్వు మొగం మాడ్చుకోబల్లే. రేపు పొద్దన్నే కరక్కాయ నీళ్ళల్లో గుడ్డ తడపాల, పాలు తెచ్చిస్తానన్యావు కదా, తెస్తావా తేవా?"

ఇందులో మూడు పనులు జరిగాయి. కాదన్నది స్పష్టంగా ఉంది. కారణం ఆమెది, ఆటగాడి లోపం కాదు. చివరి వాక్యం తర్వాతి పనిని చేతికిచ్చింది, కాబట్టి స్నేహం దారి తెగలేదు. కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో బట్ట తడిపి ఆరేయడం కలంకారీలో తొలి మెట్లలో ఒకటి, అందుకే అది క్వెస్ట్‌గా (ఆటగాడికి అప్పగించే పనిగా) బాగా కుదురుతుంది. కాదనే సీను రెండో దశ దాటకముందే రావాలి. ఐదు దశల్లో నాలుగో దానిదాకా లాగి కాదంటే అది మోసం. పొడవు 150 నుంచి 250 మాటలు చాలు. ఆరుగురిలో ఇద్దరు బైసెక్సువల్ కాబట్టి ఇట్లాంటివి నాలుగే రాయాలి.

ఇంక కోడ్. రెన్‌పై, గోడో, యూనిటీ, గేమ్ ఇంజిన్ ఏదైనా ఇదే పద్ధతి. ప్రతి పాత్రకీ మూడు వేరియబుల్స్ విడివిడిగా పెట్టండి: స్నేహం అంకె, ప్రేమ దశ (0 నుంచి 5), ఆకర్షణ జాబితా. స్నేహం అంకె ఎంత పెరిగినా ప్రేమ దశ దానంతట అది కదలకూడదు. ఆడేవాళ్ళు గుండె గుర్తున్న ఆప్షన్ నొక్కితేనే 0 నుంచి 1కి పోవాలి. ఒకే అంకెతో రెండూ నడిపితే ఏమవుతుందంటే, మర్యాదగా మాట్లాడిన ప్రతివాడికీ ప్రేమ తగులుకుంటుంది. బాల్డర్స్ గేట్ 3 (2023) విడుదలైన కొత్తలో అప్రూవల్ (పాత్రకి ఆటగాడి మీద ఉన్న మెచ్చుకోలు) హద్దులు బగ్ వల్ల తక్కువగా ఉండి, తోటి పాత్రలు ఊరికే మీదపడుతున్నారని జనం గోలపెట్టారు. తర్వాత ప్యాచ్‌లతో సర్దారు. గుండె గుర్తు పెట్టడం నామోషీ అనుకోకండి, డ్రాగన్ ఏజ్ 2 నుంచీ అది ఉంది.

ఆకర్షణ జాబితాని పోల్చేది దేనితో? చాలామంది "మగనా కాదా" అని ఒక్క బూలియన్ (అవును, కాదు అనే విలువ) పెట్టేస్తారు. వద్దు. ఆడే పాత్ర బొమ్మ, గొంతు, ఊరు పిలిచే తీరు, ఈ మూడూ వేరు వేరు వేరియబుల్స్‌గా ఉండాలి. ఆకర్షణ దేన్ని చూస్తుందో మీరే నిర్ణయించి ఒకేచోట, ఒక్క ఫంక్షన్‌లో రాయండి. సైబర్‌పంక్ 2077 (2020)లో పానమ్, రివర్ శరీరాన్ని మాత్రమే చూస్తారు; జూడీ, కెరీ శరీరాన్నీ గొంతునీ రెండూ చూస్తారు. ఇది నచ్చని వాళ్ళు చాలామంది ఉన్నారు, కానీ నియమం అంటూ ఒకటి ఉంది. అదే షరతుని ముప్పై సీన్లలో ముప్పై చోట్ల విడిగా రాస్తే, పదిహేడో చోట తప్పకుండా తప్పు రాస్తారు, అది బయటపడేది విడుదలయ్యాకే.

కానుకల సంగతి రెండు ముక్కల్లో. స్టార్‌డ్యూలో ఒక గుండెకి (స్నేహంలో ఒక మెట్టుకి) 250 పాయింట్లు, బాగా నచ్చిన కానుకకి 80, వారానికి రెండే కానుకలు, పుట్టినరోజున ఎనిమిది రెట్లు. అది ఏళ్ళ తరబడి ఆడే వ్యవసాయం గేమ్‌కి సరిపోతుంది. ఆరు గంటల కథలో కానుకలతో ప్రేమ దశ కదిలిస్తే ఓరియెంటేషన్ గురించి ఎంత జాగ్రత్తగా రాసినా వృథా, లడ్డూలు ఎన్ని ఇచ్చామన్నదే మిగులుతుంది. కానుకలు స్నేహం అంకెకి మాత్రమే పెట్టండి.

తెలుగులో రాసేవాళ్ళకి ఇక్కడ ఒక పెద్ద వెసులుబాటు, ఒక పెద్ద గొయ్యి ఉన్నాయి. వెసులుబాటు: ఎదురెదురుగా మాట్లాడుకునే డైలాగులు దాదాపు మారవు. "వచ్చావా", "తిన్నావా", "నీకోసమే ఎదురుచూస్తున్నా" అన్నవి మగకీ ఆడకీ ఒకటే. హిందీలో రాసేవాళ్ళకి ఈ సుఖం లేదు. మారేది వెనకాల చెప్పుకునే మాటలు: "వాడొచ్చాడు", "అదొచ్చింది", "మంచోడే", "మంచిదే". కాబట్టి వేరియంట్లు రాయాల్సింది ఎక్కువగా టీ బంకు కబుర్లకీ, ఎండింగ్ స్లైడ్లకీ. వాటికి చివరి అక్షరాలు మార్చే స్క్రిప్టు రాయకండి. "ఉన్నాడు"కి జత "ఉంది", "వస్తాడు"కి జత "వస్తుంది", ఒకే నియమంలో ఒదగవు. ఒక ఫంక్షన్‌కి రెండు పూర్తి పదాలు ఇచ్చి సరైనది తీసుకునేట్టు చేయండి. మగా ఆడా కాని ఎంపిక కూడా ఇవ్వాలనుకుంటే మూడో పదం "వచ్చారు", "ఉన్నారు". గౌరవంగానూ ఉంటుంది, వ్యాకరణమూ చెడదు.

గొయ్యి వరసల దగ్గర. మన ఊళ్ళల్లో టీ అంగడి అమ్మాయి వచ్చిన ప్రతి మగ మనిషినీ "అన్నా" అంటుంది. ఆ "అన్నా" ఉన్నంతకాలం ప్రేమ దశ 0. ఆమె ఒక్కసారి "అన్నా" మానేసి పేరు పెట్టి పిలిస్తే, తెలుగువాడికి గుండె గుర్తు కూడా అక్కర్లేదు. కాబట్టి పిలుపుని డైలాగులో నేరుగా టైపు చేయకుండా వేరియబుల్‌గా పెట్టి ప్రేమ దశకి కట్టండి. లేకుంటే నాలుగో దశలో, చేతులు పట్టుకున్న సీనులో, పాత ఫైలులోని "అన్నా" ఒకటి ఊడిపడుతుంది. ఆ ఒక్క స్క్రీన్‌షాట్ చాలు మీ గేమ్‌ని ట్రోల్ పేజీలకి ఎక్కించడానికి. "బావా", "వదినా" మరీ ప్రమాదం, ఆ పిలుపులోనే సగం పెళ్ళి అయిపోయినట్టు.

అయితే ఇట్లా పిలుపు మార్చి సూచించడం ఇద్దరు ఆడవాళ్ళ దారిలోనూ, ఇద్దరు మగవాళ్ళ దారిలోనూ పనిచేయదు. ఇద్దరమ్మాయిలు ఒకే స్కూటీ మీద తిరుమల పోయొచ్చినా, ఒకరి జడ ఒకరు వేసినా, మన చదువరికి స్నేహితులే. భుజం మీద చెయ్యేసుకున్న ఇద్దరు కుర్రాళ్ళూ అంతే. సూక్ష్మంగా రాద్దామని పోతే ఐదో దశ దాకా ఎవరికీ అర్థం కాదు, అర్థమయ్యాక "ఇదెప్పుడు జరిగింది" అంటారు. ఆ దారుల్లో రెండో దశలోనే ఒక్క వాక్యం తేటగా ఉండాలి. "స్నేహం కాదు, నీ మీద ఇష్టం" అన్నంత తేటగా.

జాతర గురించి. గంగమ్మ జాతర సీను ఉందన్నారు. తాతయ్యగుంట గంగమ్మకి మొక్కుకుని మగవాళ్ళు చీర కట్టి, పూలు పెట్టుకుని వేషం వేయడం మొక్కుబడి. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం వరసలో అదీ ఒక భాగం. దాన్ని ఒక పాత్ర గే అనో ట్రాన్స్ అనో చూపే గుర్తుగా వాడకండి. ఊరి జనానికి కోపం, ఆ పాత్రకి అన్యాయం, రెండూ జరుగుతాయి. మీ గే పాత్ర కూడా మొక్కు ఉంటే వేషం వేయొచ్చు, పక్కింటి స్ట్రెయిట్ మాష్టారు వేసినట్టే. ట్రాన్స్ పాత్ర విడిగా ఉంటే, మొదటి పలకరింపులోనే పాత పేరు, పాత సంగతులు చెప్పించకండి. మాస్ ఎఫెక్ట్ ఆండ్రోమెడా (2017)లో హెయిన్లీ అబ్రమ్స్ అనే ట్రాన్స్ పాత్రతో అచ్చం అదే చేయించారు. విమర్శలు వచ్చాక క్షమాపణ చెప్పి డైలాగులు మార్చాల్సి వచ్చింది.

ముగింపులు విడిగా సరిచూసుకోండి. అసాసిన్స్ క్రీడ్ ఒడిస్సీ (2018) ఎవరిని ప్రేమించాలో పూర్తిగా ఆడేవాళ్ళకే వదిలేసి మంచి పేరు తెచ్చుకుంది. 2019 జనవరిలో వచ్చిన డీఎల్‌సీలో (విడుదల తర్వాత ఇచ్చే అదనపు భాగంలో) మాత్రం, అంతవరకు ఎట్లా ఆడినా సరే, కథానాయకుడికి ఆడ మనిషితో, కథానాయికకి మగ మనిషితో సంసారం పెట్టి బిడ్డని కనేట్టు చేసింది. వంశం కొనసాగాలన్నది వాళ్ళ కథ అవసరం. వందల గంటలు తమ పాత్రని గే అనుకుని ఆడినవాళ్ళు మండిపడ్డారు, కంపెనీ క్షమాపణ చెప్పి మార్పులు చేసింది. మన కథల్లో ఇది ఇంకా సులువుగా దూరుతుంది, చివర్లో అమ్మమ్మ "ముని మనవడిని ఎత్తుకోవాల" అనే స్లైడు రూపంలో. ఆ అమ్మమ్మ మాటకి నాలుగు రూపాలు రాయండి, లేదంటే తీసేయండి.

చట్టం సంగతికొస్తే, నేను లాయర్ని కాదు, అమ్మేముందు ఒకరిని కలవండి. తెలిసినంత చెప్తా. 2014 నవంబరులో ఈఏ సంస్థ ఇంక్విజిషన్‌ని ఇండియాలో అమ్మకుండా వెనక్కి తీసుకుంది. స్థానిక అశ్లీలత చట్టాలు ఉల్లంఘించకుండా ఉండటానికి అని కారణం చెప్పి, ముందే బుక్ చేసుకున్నవాళ్ళకి డబ్బు తిరిగిచ్చింది. ప్రభుత్వం నిషేధించిందన్న ప్రచారం నిజం కాదు, కంపెనీయే భయపడి తప్పుకుంది. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు సెక్షన్ 377లో పెద్దవాళ్ళ ఇష్టపూర్వక స్వలింగ సంబంధాలని నేరం చేసే భాగాన్ని కొట్టేశాక ఆ వాతావరణం మారింది. ఇప్పుడు చూసుకోవాల్సింది ఐటీ చట్టం సెక్షన్ 67. అది ఎంత పచ్చిగా చూపించారన్నదాన్ని పట్టుకుంటుంది, ఎవరు ఎవరిని ప్రేమించారన్నదాన్ని కాదు. ముద్దు దగ్గర తెర నలుపు చేసేస్తే మీ బొమ్మల ఖర్చు కూడా తగ్గుతుంది. సినిమాలకున్నట్టు విడుదలకి ముందు సర్టిఫికెట్ ఇచ్చే బోర్డు గేములకి మన దగ్గర లేదు. ప్లే స్టోర్‌లో ఐఏఆర్‌సీ (వయసు రేటింగ్) ప్రశ్నావళి, స్టీమ్‌లో కంటెంట్ సర్వే నిజాయితీగా నింపాలి.

ఆరుగురికీ వయసు 18 పైన అని ప్రొఫైల్లోనే రాయండి. ఇంటర్ చదివే పాత్రని ప్రేమ జాబితాలో పెట్టకండి, ఏ ఓరియెంటేషన్ అయినా సరే. పెళ్ళి ముగింపు ఉంటే ఇంకో చిక్కు: స్వలింగ వివాహాన్ని గుర్తించడానికి 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. రిజిస్ట్రార్ ఆఫీసు సీను ఇద్దరబ్బాయిలకి వాస్తవంగా కుదరదు. రెండు దారులున్నాయి. ఊరికి కల్పిత పేరు పెట్టి, ఆ ఊళ్ళో అందరికీ పెళ్ళి కుదురుతుందని స్టార్‌డ్యూ లాగా ఒప్పించేయడం ఒకటి. ఆరు దారులకీ పెళ్ళి తీసేసి, కలిసి ఇల్లు అద్దెకి తీసుకోవడంతో ముగించడం రెండోది. నాకు రెండోదే నచ్చుతుంది. అద్దె ఇంటి ఓనరమ్మ అడిగే ప్రశ్నల్లోనే ఆరు రకాల సీన్లు పుడతాయి, పెళ్ళికాని స్ట్రెయిట్ జంటకి కూడా తిప్పలు తప్పవు. నాలుగుకి మాత్రం పెళ్ళి పెట్టి రెండుకి పెట్టకపోవడం అన్నిటికంటే చెడ్డది. ఏ దారిలోనైనా అసలు గుడినీ, అసలు కల్యాణ మండపాన్నీ పేరు పెట్టి వాడకండి.

టెస్టింగ్ ఇట్లా చేయండి. మగ, ఆడ, ఇద్దరూ కాని ఎంపిక కూడా పెడితే, మొత్తం మూడు సేవ్ ఫైళ్ళు. ఒక్కోదానితో ఆరు పాత్రల దగ్గరికీ పోయి ఒప్పుకోలు లేదా కాదనడం, స్నేహంగానే మిగలడం, మధ్యలో విడిపోవడం, మూడూ చూడాలి. అంటే 54 సార్లు ఆడి చూడాలి. ముగ్గురు పంచుకుంటే ఒక్కొక్కరికి 18. ఎవరి ఫైళ్ళు వాళ్ళే ఆడకండి, రాసినవాడి కంటికి "అన్నా" కనపడదు. ఆకర్షణ జాబితా మూడో ఎంపికని ఎట్లా చూస్తుందో ఈ టెస్టింగ్‌కి ముందే తేల్చుకోండి. పట్టించుకోకుండా వదిలేస్తే ఖాయం చేసిన నలుగురూ ఆ ఆటగాడికి కాదనే సీను చూపిస్తారు, బైసెక్సువల్ ఇద్దరు కూడా జాబితాలో "మగ, ఆడ" అని మాత్రమే రాసి ఉంటే వాళ్ళూ అంతే.